విండోస్ 10 ఆగిపోయింది, మిల్లులో ఉన్న ఐదు కంప్యూటర్లూ మార్చాల్సిందేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోవూరు దగ్గర మీకు రైస్ మిల్లు ఉంది. మొత్తం ఐదు కంప్యూటర్లు. కాటా గదిలో ఒకటి, పాత కోర్ 2 డుయో ప్రాసెసర్, విండోస్ 7, అదీ 32 బిట్. ఆఫీసులో ట్యాలీకి, ఈ-వే బిల్లులకు రెండు, నాలుగో తరం ఐ3, విండోస్ 10. మీ గదిలో బ్యాంకు పనులకు, జీఎస్టీకి ఐ5-8400, అదీ విండోస్ 10. ఇంట్లో అమ్మాయి చదువుకునే ల్యాప్‌టాప్, ఆరో తరం ఐ5. ఒక షాపువాళ్లు వచ్చి చూసి, అన్నీ అవుట్‌డేటెడ్, ఐదూ మార్చాల్సిందే అని కొటేషన్ చేతిలో పెట్టారు. అంత ఖర్చు అవసరమా అని అడిగారు.

అవసరం లేదు. ఐదింట్లో మీరు కొత్తగా తెచ్చుకోవాల్సినవి రెండే. అవీ మంచి సెకండ్ హ్యాండ్‌వి చాలు. మీ గదిలోది పైసా ఖర్చు లేకుండా విండోస్ 11కి వెళ్తుంది. కాటా కంప్యూటర్‌ను కదిలించొద్దు, కానీ దానికున్న ఇంటర్నెట్ ఈరోజే తీసేయండి. ఆఫీసులో ఉన్న రెండు ఐ3లను ట్యాలీ నుంచి తప్పించి వేరే పనికి వాడుకోండి. వాటిలో ఒకటి మీకు చాలా విలువైన పనికి వస్తుంది, కింద చెప్తాను. అమ్మాయి ల్యాప్‌టాప్‌కు రెండు దారులున్నాయి.

నేను ఒంగోలులో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులు, పొగాకు వ్యాపారులు, కందుకూరు, కావలి వైపు మిల్లులు, స్కూళ్లు, ఇరవై ఏళ్లకు పైగా ఇదే నా పని. ఎవరైనా పాత విండోస్ గురించి అడిగితే నేను ముందు యంత్రం ఎన్నో తరం అని చూడను. దీని మీద ఏం పని జరుగుతోంది, డబ్బు కదులుతుందా, ఇంటర్నెట్ అవసరమా, ఇది రేపు పొద్దున ఆన్ కాకపోతే ఏది ఆగిపోతుంది అని అడుగుతాను. ఒకే మోడల్ కంప్యూటర్ బ్యాంకు పనికి పనికిరాకపోవచ్చు, కాటా గదిలో ఇంకా చాలా ఏళ్లు నడవొచ్చు. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో లేనిది ఈ లెక్కే.

ముందు తేదీలు తెలుసుకోండి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న సపోర్ట్ ఆపేసింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆపింది. ఆపడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. మర్నాడు కూడా అలాగే ఆన్ అవుతుంది, ట్యాలీ తెరుచుకుంటుంది, ప్రింటర్ కొడుతుంది. అందుకే మన మిల్లుల్లో పెద్దాయనలు "బాగానే పనిచేస్తా ఉండాది గదా అబ్బయా, ఎందుకు మార్చేది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆగిపోయింది యంత్రం కాదు, దానికి నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. కొత్తగా ఏదైనా లొసుగు బయటపడితే దాన్ని మూసేవాళ్లు ఇక లేరు.

దాని వల్ల ఏమవుతుందో 2017 మేలో చూశాం. వన్నాక్రై అని ఒక వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లు కట్టమంది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన లొసుగుకు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇంకో విషయం గమనించండి. దానికి ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఆఫీసులో ఒక కంప్యూటర్‌కు పడితే, అదే నెట్‌వర్క్ కేబుల్ మీద ఉన్న మిగతావాటికి తనంతట తనే పోయింది. మీ కాటా కంప్యూటర్, ట్యాలీ కంప్యూటర్ ఒకే స్విచ్ బాక్స్‌లో ఉన్నాయని రాశారు చూడండి, నాకు టెన్షన్ పుట్టించింది ఆ ఒక్క మాటే.

ఇక ఒక్కొక్కటిగా.

మీ గదిలోని ఐ5-8400. దీనికి విండోస్ 11 చెక్ చేస్తే "సరిపోదు" అని వచ్చిందన్నారు. నమ్మొద్దు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, లేదా ఆ పైది కావాలి. మీది సరిగ్గా ఎనిమిదోదే. మరి ఎందుకు కాదంటోందంటే, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం ఉండాలని విండోస్ 11 షరతు. ఆ కాలపు డెస్క్‌టాప్ బోర్డుల్లో అది ప్రాసెసర్‌తో పాటే ఉంటుంది కానీ, చాలావాటిలో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి పంపేవాళ్లు. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ పీటీటీ, లేదా ప్లాట్‌ఫామ్ ట్రస్ట్ టెక్నాలజీ అని ఉన్నదాన్ని ఎనేబుల్ చేయండి. ఏఎండీ బోర్డయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. అంతే, చాలా కేసుల్లో అక్కడితో అయిపోతుంది.

అప్పటికీ కాదంటే, విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో వేసి ఉంటారు. యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి మార్చాలి. హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండానే మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. ముందు దాంతో డిస్క్‌ను మార్చి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ తీసేయాలి. క్రమం తప్పితే కంప్యూటర్ బూట్ కాదు. ఇది మాత్రం తెలిసినవాళ్లతో చేయించండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకున్నాకే బయోస్ ముట్టుకోండి.

విండోస్ 10 అసలు లైసెన్స్ ఉంటే 11కి మారడం ఉచితం. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు, ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. అయినా బ్యాకప్ తీయకుండా మొదలుపెట్టొద్దు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ మళ్లీ వేయాల్సి రావచ్చు. అందుకే జీఎస్టీ రిటర్నుల గడువు ముందు రోజుల్లో కాకుండా, నెలలో కాస్త తీరిక ఉన్న వారంలో పెట్టుకోండి.

కాటా గది. ఇది మీ మిల్లుకు గుమ్మం. ధాన్యం లారీ వచ్చినా, బియ్యం లోడు వెళ్లినా దీని మీదుగానే పోవాలి. షాపువాళ్లు దీన్ని కూడా కొత్తది పెట్టేస్తామన్నారు. పెట్టొచ్చు, కానీ దాని వెనక వైపు ఒకసారి చూడండి. బరువు చూపించే ఇండికేటర్ నుంచి వచ్చే కేబుల్ తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులో ఉంటుంది. ఈ కాలపు కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే లేదు. దానికి యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. ఇక్కడే కథ మొదలవుతుంది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో ఇదే జరిగింది. కొత్త కంప్యూటర్, విండోస్ 11, అన్నీ బాగున్నాయి, బరువు మాత్రం స్క్రీన్ మీదికి రాదు. బయట బ్లాకులతో లారీలు వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లు దిగి వచ్చి కిటికీలోంచి చూస్తున్నారు. డివైస్ మేనేజర్ తెరిస్తే కన్వర్టర్ పక్కన పసుపు త్రికోణం. పీఎల్2303హెచ్ఎక్స్ఏ చిప్‌ను 2012 నుంచే ఆపేశాం, మీకు అమ్మినవాళ్లను అడగండి అని అక్కడే రాసి ఉంది. అంటే పాత చిప్‌ను, దానికి నకలును కొత్త డ్రైవర్ ఒప్పుకోదన్నమాట. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్వర్టర్ తెప్పించి పెట్టాకే బరువు కనిపించింది. డెస్క్‌టాప్ అయితే అంతకన్నా మేలు, లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ సీరియల్ కార్డు వేయించుకోవడం.

పోర్టు ఒక్కటే కాదు, కాటా సాఫ్ట్‌వేర్ కూడా చూడాలి. అది 32 బిట్ ప్రోగ్రామ్ అయితే, అంటే విజువల్ బేసిక్ 6 లాంటి వాటిలో రాసింది అయితే, విండోస్ 11లో కూడా సాధారణంగా నడుస్తుంది. డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రామ్ అయితే నడవదు. విండోస్ 11లో 64 బిట్ తప్ప వేరేది లేదు, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు తెరుచుకోవు. మీ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదన్నారు, సీడీ కూడా లేదన్నారు. ఆ పరిస్థితిలో దాన్ని కదిలించడం తప్పు.

కాబట్టి కాటా విండోస్ 7ను అలాగే ఉంచండి, కానీ ఒంటరిగా ఉంచండి. నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. వైఫై డాంగిల్ ఉంటే తీసేయండి. గుమాస్తా అందులో యూట్యూబ్ చూడటం, వాట్సాప్ వెబ్ తెరవడం బంద్. ఎలాగూ విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023 ఫిబ్రవరి తర్వాత కొత్త క్రోమ్ లేదు. తూకం చీటీల లెక్క ఆఫీసుకు చేరాలంటే ప్రింటు ఇవ్వండి, లేదా ఒకే ఒక్క పెన్‌డ్రైవ్ దానికని కేటాయించి పెట్టుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ను సినిమాలకు, జిరాక్స్ షాపులకు తీసుకెళ్లకూడదు. ఆఫీసులో పెట్టేముందు స్కాన్ చేయాలి. ఇంకొకటి, తూనికలు కొలతల శాఖవాళ్లు సీలు వేసేది ఇండికేటర్‌కు. కంప్యూటర్ మార్చినా, మార్చకున్నా, దాని జోలికి ఎవర్నీ వెళ్లనివ్వొద్దు.

ఇప్పుడు ఆ విలువైన పని చెప్తాను. కాటా కంప్యూటర్ ఏదో ఒకరోజు చస్తుంది. రైస్ మిల్లులో తవుడు దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్‌లో గడ్డకట్టుకుని కూర్చుంటుంది, ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి, కరెంటు హెచ్చుతగ్గులు ఉండనే ఉన్నాయి. ఆరోజు విండోస్ 7 వేయడానికి ఇప్పటి కంప్యూటర్ పనికిరాదు, ఈ కాలపు ప్రాసెసర్లకు విండోస్ 7 డ్రైవర్లు లేవు. కానీ నాలుగో తరం ఐ3కి విండోస్ 7 హాయిగా ఎక్కుతుంది. అప్పటి బోర్డులు చాలావాటికి వెనక సీరియల్ పోర్టు ఉంటుంది, లేకపోతే బోర్డు మీద పిన్నులైనా ఉంటాయి, చిన్న బ్రాకెట్ తగిలిస్తే సరిపోతుంది. ఆఫీసులో తీసేసే ఐ3 ఒకదాన్ని కాటాకు స్టాండ్‌బైగా తయారుచేయించండి. అందులో విండోస్ 7, కాటా సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ వేసి, ఒక ఆదివారం కాటాకు తగిలించి బరువు వస్తోందో లేదో చూసి, మూట కట్టి బీరువాలో పెట్టండి. సీడీ లేదు కాబట్టి, ఇప్పుడున్న హార్డ్ డిస్క్ మొత్తాన్ని క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయించండి. ఆ ఇమేజ్ వేరే బోర్డు మీద నేరుగా బూట్ కాకపోవచ్చు, డ్రైవర్లు మార్చాల్సి రావచ్చు. అయినా సాఫ్ట్‌వేర్ ఫోల్డర్, డేటాబేస్ అందులోంచి బయటకు వస్తాయి. మీరు రాసిన ఐదింట్లో నేను మొదట పెట్టుకునే పని ఇదే. సంక్రాంతి తర్వాత కోతలు మొదలై ధాన్యం దిగే రోజుల్లో కాటా ఆగితే జరిగే నష్టం ముందు, ఈ ఖర్చు లెక్కలోకే రాదు.

ఆఫీసు ఐ3లు. ట్యాలీ, ఈ-వే బిల్లు పోర్టల్, పార్టీల బ్యాంకు వివరాలు, అన్నీ వీటి మీదే. అప్‌డేట్లు లేని విండోస్ మీద ఇవి నడవకూడదు. షాపులు మూడు దారులు చెప్తాయి, మూడూ మీకు వద్దు.

ఒకటి, రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో షరతులు దాటవేసి విండోస్ 11 ఎక్కించడం. నాలుగో తరం మీద ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ ఇలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌కు మళ్లీ చేత్తో చేయాలి. ఇంట్లో సరదాకు పర్లేదు, లెక్కల కంప్యూటర్‌కు కాదు.

రెండు, ఎల్‌టీఎస్‌సీ, అంటే ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే ప్రత్యేక విండోస్. "2032 దాకా అప్‌డేట్లు వచ్చే విండోస్ 10 వేస్తాం" అంటారు. అది ఉన్నమాట నిజమే, విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి 13 వరకు అప్‌డేట్లున్నాయి. కానీ ఆ లైసెన్స్ యంత్రాలు తయారుచేసే కంపెనీలకు, సంస్థలకు అమ్మేది. రిటైల్ షాపులో విడిగా దొరకదు. కొద్ది డబ్బులకు వేస్తామంటే అది క్రాక్ చేసిందని అర్థం. క్రాక్ చేసే ప్రోగ్రామ్‌కు అడ్మిన్ హక్కులిచ్చి, పక్కనే బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం నేను ఎవరికీ చెప్పను.

మూడు, డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకోవడం, ఈఎస్‌యూ అంటారు. వ్యాపార సంస్థలకు మొదటి ఏడాది కంప్యూటర్‌కు 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు, మూడేళ్లే గరిష్ఠం. రెండో ఏడు చేరినా మొదటి ఏడాది డబ్బు కూడా కట్టాలి. పదేళ్లు దాటిన ఐ3 మీద అంత పెట్టడం దండగ.

అందుకే ఈ రెండిటి స్థానంలో సెకండ్ హ్యాండ్‌వి తెచ్చుకోండి. పెద్ద కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి దొరుకుతాయి. ఇళ్ల కోసం చేసే చవక కొత్త వాటికన్నా వీటి బోర్డు, పవర్ సప్లై గట్టివి. మీకు చెన్నై దగ్గరే కాబట్టి రిచీ స్ట్రీట్‌కు వెళ్లి చూసుకోవచ్చు. అక్కడ "ఐ5 సార్, సూపర్ కండిషన్" అంటారు. ఐ5 అన్నది చాలదు. ఐ5 తర్వాత ఉన్న అంకె చూడండి. ఐ5-6500 అయితే ఆరో తరం, విండోస్ 11కి పనికిరాదు. ఐ5-8500 అయితే ఎనిమిది, పనికొస్తుంది. ఐ5-10500 అయితే పది, ఇంకా మంచిది. మాట మీద కాకుండా ఆన్ చేయించి, సిస్టమ్ వివరాల్లో ప్రాసెసర్ పేరు, యాక్టివేషన్‌లో లైసెన్స్, రెండూ కళ్లతో చూడండి. పాత రకం హార్డ్ డిస్క్ బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉండాలి, ర్యామ్ కనీసం 8 జీబీ. ఈమధ్య ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి పోయిన ఏడాది ఎవరో చెప్పిన రేటు మనసులో పెట్టుకుని బేరానికి దిగొద్దు. ఒకేసారి రెండు కొనలేకపోతే ట్యాలీ డేటా ఉన్నదాన్ని ముందు మార్చండి.

ట్యాలీ విషయంలో ఒక జాగ్రత్త. పాత ఐ3ని ఫార్మాట్ చేసేముందు అందులోంచి లైసెన్స్ సరెండర్ చేయండి. డేటా ఫోల్డర్ రెండు చోట్ల కాపీ తీసి, కొత్తదాంట్లో తెరిచి, నిన్నటి వోచర్ కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే పాతదాన్ని ముట్టుకోండి. రెండో ఐ3లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి, గేటు దగ్గర మెయిళ్లు చూసి ప్రింట్లు తీయడానికి పెట్టుకోవచ్చు. ఒక ఎస్‌ఎస్‌డీ వేస్తే అది కొత్తదానిలా కదులుతుంది.

అమ్మాయి ల్యాప్‌టాప్. ఇంటి కంప్యూటర్లకు ఈఎస్‌యూ వేరేగా ఉంది, 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితమే. విండోస్ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని అడుగుతుంది. అదయ్యాక, లేదా ఇప్పుడే, లైనక్స్ మింట్. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. ఆన్‌లైన్ క్లాసులు, ప్రోగ్రామింగ్, యూనికోడ్ తెలుగు టైపింగ్ అన్నీ హాయిగా జరుగుతాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, కెమెరా పనిచేస్తున్నాయో చూడనివ్వండి. అమ్మాయి కాలేజీలో ఏదైనా విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటే మాత్రం మింట్ వద్దు. అలాగే ఎవరైనా డీటీపీ చేసేవాళ్లు ఇది చదువుతుంటే, అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లకు లైనక్స్ దారి కాదు. మీరు విండోస్‌లోనే ఉండండి.

ఒక చిన్న విషయం చెప్పకపోతే మీకు మళ్లీ ఎవరో కొటేషన్ ఇస్తారు. సింగరాయకొండలో ఒక ఎరువుల కొట్టులో బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదని, విండోస్ పాతబడిందని, కంప్యూటర్ మార్చాలని చెప్పి వెళ్లారట. నేను వెళ్లి చూస్తే కింద మూల గడియారంలో 2015 అని ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. తేదీ తప్పయితే బ్యాంకు సైటు సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మదు, అందుకే తెరవదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే తెరుచుకుంది. మీ ఆఫీసు ఐ3 ఒకటి పొద్దున్నే తేదీ అడుగుతోందని రాశారు, అది ఇదే.

ఇక తీసేసిన హార్డ్ డిస్కులు పాత సామాన్లవాడికి అలాగే వేయొద్దు. అందులో మీ పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి. పూర్తిగా చెరిపించండి, పాడైపోయినవైతే సుత్తితో పగలగొట్టించండి.

కాటా కంప్యూటర్ వెనక భాగం ఫొటో, సాఫ్ట్‌వేర్ మొదటి స్క్రీన్ ఫొటో పెట్టండి. ఇండికేటర్ మీద ఉన్న మోడల్ పేరు కూడా రాయండి. అది 16 బిట్టా 32 బిట్టా, స్టాండ్‌బైలో ఏ పోర్టు కావాలి అన్నది చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ కొటేషన్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి.